అమెరికాలో తల్లిపాలు, పంప్, లాక్టేషన్ కన్సల్టెంట్: ఇన్సూరెన్స్ ఏమేం ఇస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సీమంతం ఫొటోలు పెట్టిన వారానికి ఒక ఫోన్ వస్తుంది, పంప్ ఏది కొనాలని. పురుడయిన నాలుగో రోజు రాత్రి రెండో ఫోన్ వస్తుంది, అందులో ఏడుపు తప్ప మాట వినపడదు. అడిగే మనుషులు మారుతున్నారు కానీ ప్రశ్నలు అవే. ఇద్దరు పిల్లలకు పాలిచ్చి, ఇన్సూరెన్స్ వాళ్ల హోల్డ్ మ్యూజిక్ కంఠతా వచ్చేసిన అనుభవంతో అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## కడుపుతో ఉన్నప్పుడు

పాలు పట్టడానికి సాయం కూడా ఇన్సూరెన్స్‌లో ఉంటుందా? నిజంగా?

ఉంటుంది. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్, అంటే అందరూ ఒబామాకేర్ అనే చట్టం కింద, ఆడవాళ్లకు ఇవ్వాల్సిన ప్రివెంటివ్ సేవల జాబితా 2011లో ఖరారైంది. 2012 ఆగస్టు 1న, ఆ తర్వాత మొదలైన ప్లాన్ సంవత్సరాల నుంచి అది అమల్లోకి వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు పాలు పట్టడం మీద క్లాసులు, పురుడయ్యాక లాక్టేషన్ కన్సల్టెంట్, అంటే పాలు పట్టడంలో సాయం చేసే నిపుణురాలి దగ్గర సలహా, పంప్, దాని సామాను, ఇవన్నీ అందులో ఉన్నాయి. వీటికి కోపే (విజిట్‌కి ఇంతని మనం కట్టే వాటా) కానీ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు ఏటా మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) కానీ వేయకూడదు. 2021 చివర్లో జాబితాను సవరించి, రెండు వైపులా ఒకేసారి తీసే ఎలక్ట్రిక్ పంప్, దాని విడిభాగాలు, పాలు నిల్వ చేసే సామాను కూడా పేరుపెట్టి చేర్చారు. ముందు చేతి పంప్ వాడి చూడండి, అది పనిచేయకపోతే ఎలక్ట్రిక్‌ది ఇస్తాం అని మెలిక పెట్టడం కూడా కుదరదన్నారు.

నేను హెచ్4లో, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్యకిచ్చే వీసాలో ఉన్నా, ఉద్యోగం లేదు. మా ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లో డిపెండెంట్‌ని. నాకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. వీసా ఏదన్నది ఇక్కడ సంబంధం లేని విషయం, ప్లాన్ ఏ రకందో చూడాలి. మామూలు కంపెనీ ప్లాన్, మార్కెట్‌ప్లేస్‌లో (ఒబామాకేర్ ప్లాన్లు అమ్మే ప్రభుత్వ సైట్) కొన్న ప్లాన్ అయితే దాదాపు ఖాయం. 2010 మార్చి 23కి ముందు నుంచీ పెద్ద మార్పుల్లేకుండా నడుస్తున్న పాత ప్లాన్లకు మినహాయింపు ఉంది, వాటిని గ్రాండ్‌ఫాదర్డ్ అంటారు, ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. విజిటర్ ఇన్సూరెన్స్, షార్ట్ టర్మ్ ప్లాన్లు, సభ్యులే ఖర్చులు పంచుకునే హెల్త్ షేరింగ్ గ్రూపులు ఈ నిబంధన కిందికి రావు.

ఎంఎస్ చదివే పిల్లలు ఒక్కమాట వినండి. యూనివర్సిటీ ప్లాన్ ఖరీదెక్కువని బయట చవకగా దొరికే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ప్లాన్ తీసుకుని, భార్యని కూడా అందులో చేర్చిన వాళ్లు నాకు తెలుసు. అలాంటి వాటిలో చాలా ప్లాన్లు ఈ చట్టం ప్రకారం నడవవు. పురుటి ఖర్చుకే దిక్కుండదు, ఇక పంప్ సంగతి సరేసరి.

మాది హై డిడక్టిబుల్ ప్లాన్. ముందు ఆ డబ్బంతా కట్టాకే ఇస్తారా?

లేదు. ప్రివెంటివ్ సేవ కాబట్టి డిడక్టిబుల్ ఒక్క డాలరు కూడా తీరకపోయినా ఇవ్వాలి. జనవరిలో ప్లాన్ మారి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలైనా అంతే. కాన్పు ఖర్చుకి డిడక్టిబుల్ పడుతుంది, అది వేరే లెక్క.

ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి ఏమని అడగాలి? ఒక్కొక్కళ్లు ఒక్కో మాట చెబుతున్నారు.

అందరూ పొరపాటు పడేది ఇక్కడే, నేనూ పడ్డాను. "లాక్టేషన్ కన్సల్టెంట్ కవర్ అవుతుందా?" అని అడిగితే అవతలి అమ్మాయి హాయిగా "కవర్డ్" అంటుంది. మనకి అది ఉచితం అని వినిపిస్తుంది. వాళ్ల భాషలో కవర్డ్ అంటే ప్లాన్‌లో ఉందని మాత్రమే, మీ డిడక్టిబుల్ అయ్యాక, మీ వాటా పోను అని దాని తోక మనకు చెప్పరు. నా మొదటి కాన్పులో అలా "కవర్డ్" అన్న విజిట్‌కి 225 డాలర్ల బిల్లు వచ్చింది.

కాబట్టి ఇలా అడగండి: ప్రివెంటివ్ సేవల కింద, నో కాస్ట్ షేరింగ్‌తో, అంటే నా జేబులోంచి సున్నా డాలర్లతో వస్తుందా? ఎన్ని విజిట్లు, ఇంటికి వస్తే ఇస్తారా, వీడియో కాల్‌కి ఇస్తారా? మా జిప్ కోడ్ దగ్గర నెట్‌వర్క్‌లో, అంటే మీతో ఒప్పందంలో ఉన్న లాక్టేషన్ కన్సల్టెంట్ల జాబితా పంపండి. ఆ జాబితా ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ శాఖలు 2015 అక్టోబరులోనే స్పష్టం చేశాయి, కాబట్టి మొహమాటపడక్కర్లేదు. కోడ్ అడిగితే లాక్టేషన్ క్లాసుకి ఎస్9443, ఎలక్ట్రిక్ పంప్‌కి ఈ0603, పాలిచ్చే తల్లి పరీక్షకి డయాగ్నసిస్ కోడ్ జడ్39.1 అని చెప్పండి. కోడ్ చెప్పగానే అవతలి గొంతు మారడం నేను చాలాసార్లు గమనించా.

ఆఖర్న కాల్ రిఫరెన్స్ నంబరు, మాట్లాడిన వాళ్ల పేరు, తేదీ, టైము రాసుకోండి. వెబ్‌సైట్‌లో మెసేజ్ పంపే సౌకర్యం ఉంటే అదే ప్రశ్న రాతపూర్వకంగా కూడా అడగండి. ఈ ఫోన్ ఏడో నెలలోనే అయిపోవాలి, కుట్లతో మంచంలో ఉన్నప్పుడు చేసే పని కాదిది. మీ ఆయన చేత చేయించండి, కాకపోతే పక్కన మీరుండి ఒకసారి సరేననాలి, లేకపోతే మీ వివరాలు ఆయనకి చెప్పరు.

పంప్ ఎప్పుడు ఆర్డర్ చేయాలి? ఏది తీసుకోవాలి?

కొన్ని ప్లాన్లు డ్యూ డేట్‌కి ఒకటి రెండు నెలల ముందు నుంచి పంపిస్తాయి, కొన్ని పురుడయ్యాకే. మీ ప్లాన్ ఏదో ముందే కనుక్కోండి. గైనకాలజిస్టు ప్రిస్క్రిప్షన్ కావాలి, అడిగితే రెండు నిమిషాల్లో పంపేస్తారు. అమెజాన్‌లో కొనేసి బిల్లు పెడదామంటే చాలా ప్లాన్లు ఒప్పుకోవు, వాళ్లతో ఒప్పందం ఉన్న వైద్య సామగ్రి సప్లయర్ దగ్గరే తీసుకోవాలి. ఏరోఫ్లో, బైరమ్ లాంటివి ఆ పనే చేస్తాయి, ఇన్సూరెన్స్ కార్డు వివరాలిస్తే మీకు ఏయే మోడళ్లు సున్నాకి వస్తాయో చూపిస్తాయి.

బ్రాలో పెట్టుకునే వైర్‌లెస్ పంపులకు ఎక్కువగా పైన కొంత డబ్బు కట్టమంటారు. మొదటి బిడ్డ అయితే నా ఓటు మామూలు ప్లగ్ పంప్‌కే. స్పెక్ట్రా అనే కంపెనీ పంపుల్లో ఎస్2 గోడకి గుచ్చి వాడాలి, ఎస్1కి బ్యాటరీ ఉంటుంది, అంతే తేడా. అసలు సంగతి మోడల్లో కంటే ఫ్లాంజ్‌లో ఉంది. ఫ్లాంజ్ అంటే రొమ్ముకు ఆనించే గరాటు ముక్క. డబ్బాలో సాధారణంగా 24, 28 మిల్లీమీటర్లవి ఇస్తారు. నాకు సరిపోయింది 19. అది తెలిసేదాకా మూడు వారాలు పళ్లు బిగబట్టి పంప్ చేశా, నొప్పి సహజమే అనుకుని.

అక్క వాడిన పంప్ ఇంట్లోనే ఉంది. అది వాడితే?

వద్దు. ఇంట్లో వాడే పంపులు ఒక్కరి కోసమే తయారైనవని అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది, లోపలి భాగాల్లోకి పాలు, తేమ చేరితే శుభ్రం చేయలేం. మీకు కొత్తది సున్నాకి వస్తుంటే పాతది ఎందుకు? రెండో కాన్పుకి కూడా చాలా ప్లాన్లు మళ్లీ కొత్త పంప్ ఇస్తాయి.

## ఆస్పత్రిలో, మొదటి వారాల్లో

ఆస్పత్రి గదిలోకి వచ్చి చూపించే లాక్టేషన్ ఆవిడకి విడిగా బిల్లు వస్తుందా?

మామూలుగా రాదు, ఆస్పత్రిలో ఉన్న ఖర్చులో కలిసిపోతుంది. అందుకే ఉన్నన్ని రోజులూ బెల్ కొట్టి పిలవండి. రోజుకి ఒకసారే వస్తారేమోనని ఊరుకోవద్దు. ఆస్పత్రిలో చూసేశారు కాబట్టి ఇంటికెళ్లాక ఇవ్వం అని ఇన్సూరెన్స్ అనడానికి వీల్లేదు. మామూలు కాన్పుకి 48 గంటలు, సిజేరియన్‌కి 96 గంటలు ఆస్పత్రిలో ఉండే ఖర్చుని ప్లాన్ కోత పెట్టకూడదని 1996 నుంచీ చట్టం ఉంది. చాలామందికి పాలు పడేదే మూడో నాలుగో రోజు, అప్పటికి ఇంటికొచ్చేస్తాం. తిప్పలన్నీ ఇంట్లోనే మొదలవుతాయి.

ఇంటికొచ్చాం. పాప నోరు పట్టట్లేదు, చనుమొనలు పగిలి రక్తం వస్తోంది. ఎవర్ని పిలవాలి?

ఐబీసీఎల్‌సీ అనే అర్హత ఉన్న కన్సల్టెంట్‌ని వెతకండి, ఈ రంగంలో అందరూ గుర్తించే పరీక్ష అది. మీ పిల్లల డాక్టరు ఆఫీసులోనే ఒకరు ఉండొచ్చు, ముందు అక్కడ అడగండి. ది లాక్టేషన్ నెట్‌వర్క్ అనే సంస్థ కూడా ఉంది, ఇన్సూరెన్స్ వివరాలు నింపితే మీ ప్లాన్ ఒప్పుకుంటే కన్సల్టెంట్‌ని కుదురుస్తుంది.

ఇన్సూరెన్స్ పంపిన జాబితాలో నంబర్లు పనిచేయకపోవడం, లేదా ఆ డాక్టరు అసలు ఈ పని చేయకపోవడం మామూలే. నాకు వచ్చిన జాబితాలో ఆరు పేర్లున్నాయి, ఒకటి ఎముకల క్లినిక్. అలాంటప్పుడు మళ్లీ ఫోన్ చేసి, మీ నెట్‌వర్క్‌లో ఈ సేవ చేసేవాళ్లు లేరు కాబట్టి నెట్‌వర్క్ గ్యాప్ ఎక్సెప్షన్ ఇవ్వండి అని అడగండి. నెట్‌వర్క్‌లో ఎవరూ లేకపోతే బయటివాళ్ల దగ్గరికి వెళ్లినా ఖర్చు ప్లాన్ మొత్తం భరించాలి, మీ వాటా వేయకూడదు. ఏ నంబరుకి ఎప్పుడు చేశారో, ఏం జవాబొచ్చిందో ఒక కాగితం మీద రాసుంచండి, పనికొస్తుంది.

జ్వరం, రొమ్ము ఎర్రబడి గట్టిపడటం ఉంటే ఇన్సూరెన్స్ లెక్కలు పక్కన పెట్టి గైనకాలజిస్టుకి వెంటనే ఫోన్ చేయండి. అది జబ్బుకి వైద్యం కాబట్టి కోపే పడుతుంది, పడనివ్వండి.

అమ్మ ఇండియా నుంచి వచ్చింది కదా, కన్సల్టెంట్ ఎందుకు దండగ అంటున్నారు ఇంట్లో.

మా అమ్మ కూడా ఇదే అంది. వెల్లుల్లి కారం, మెంతులు, పత్యం అన్నీ నడుస్తుండగానే కన్సల్టెంట్ ఇంటికొచ్చింది. చిన్న త్రాసు తెచ్చి, పాలకు ముందొకసారి, తర్వాత ఒకసారి బాబుని అదే డైపర్‌తో తూచింది. ఇరవై నిమిషాలు తాగినవాడి బరువు పెరిగింది 14 గ్రాములు. "వీడు తాగట్లేదు, చీకుతూ నిద్రపోతున్నాడు" అంది. దిండు ఎత్తు మార్చి, గడ్డాన్ని ముందు ఆనించి మళ్లీ పట్టిస్తే అటువైపు 38 గ్రాములు. త్రాసు మీద అంకె చూశాక మా అమ్మే ఆవిడకి కాఫీ కలిపి ఇచ్చింది. అమ్మ చేతి పత్యం మానక్కర్లేదు, కన్సల్టెంట్‌ని పిలవడమూ మానొద్దు.

బిడ్డని ఇన్సూరెన్స్‌లో ఎప్పుడు చేర్చాలి?

కంపెనీ ప్లాన్ అయితే పుట్టిన 30 రోజుల్లోగా, మార్కెట్‌ప్లేస్ అయితే 60 రోజుల్లోగా. చేర్చితే పుట్టిన రోజు నుంచే వర్తిస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు రాలేదని ఆగొద్దు, అది తర్వాత ఇవ్వొచ్చు. నామకరణానికి ముహూర్తం కుదరలేదని గడువు దాటబెట్టిన ఇంటిని చూశా. దాటితే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏటా ప్లాన్ మార్చుకోనిచ్చే సమయం దాకా ఆగాలి.

నాలుక కింద పొర అంటుకుని ఉందన్నారు, టంగ్ టై. కత్తిరించే ఖర్చు కూడా ఉచితమేనా?

కాదు. అది బిడ్డకి చేసే చిన్న ఆపరేషన్, బిడ్డ ఇన్సూరెన్స్ మీద, డిడక్టిబుల్ ప్రకారం పడుతుంది. కొందరు డెంటిస్టులు లేజర్‌తో చేస్తారు, వాళ్లలో చాలామంది ముందే డబ్బు కట్టించుకుంటారు. మెడికల్ కింద పెడతారా డెంటల్ కింద పెడతారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లల డాక్టరు, ఐబీసీఎల్‌సీ ఇద్దరూ అవసరమే అన్నాకే చేయించండి.

బాబు ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) ఉన్నాడు. పంప్ విషయంలో తేడా ఉందా?

ఉంది. ఆస్పత్రుల్లో వాడే పెద్ద పంప్‌ని అద్దెకు ఇస్తారు, డాక్టరు మెడికల్లీ నెసెసరీ అని రాయాలి. ఎన్‌ఐసీయూ సోషల్ వర్కర్‌ని అడిగితే ఆ కాగితాలు ఆవిడే చూస్తుంది. దాత పాలు, అంటే మిల్క్ బ్యాంక్ నుంచి వచ్చేవి, ఈ ఉచిత జాబితాలో లేవు. రాష్ట్రాన్ని బట్టి, ప్లాన్‌ని బట్టి మారుతుంది.

## బిల్లు వచ్చాక

ఉచితం అని చెప్పి ఇప్పుడు బిల్లు పంపారు. కట్టేయాలా?

వెంటనే కట్టొద్దు. ముందు ఇన్సూరెన్స్ పంపే ఈఓబీ కాగితం (ఎంత వేశారు, ఎంత ఇచ్చారు, మీ వాటా ఎంత అని చూపే లెక్క) తెరిచి ఏ కోడ్‌తో క్లెయిమ్ వేశారో చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది: పాలిచ్చే తల్లికి సలహా అని వేయాల్సింది మామూలు ఆఫీస్ విజిట్ అని వేస్తారు, లేదా ప్రివెంటివ్ అని చెప్పడానికి కోడ్ చివర పెట్టే మాడిఫయర్ 33 తగిలించడం మర్చిపోతారు. క్లినిక్ బిల్లింగ్ వాళ్లకి ఫోన్ చేసి, సరిచేసి మళ్లీ పంపమనండి, అప్పటిదాకా బిల్లుని హోల్డ్‌లో పెట్టమనండి. నా 225 డాలర్లు ఇలాగే పోయాయి, అంటే పోయింది బిల్లు, డబ్బు కాదు. రెండు నెలలు పట్టింది.

క్లెయిమ్ తిరస్కరించారు. అప్పీల్ ఎలా?

తిరస్కరించిన లెటర్ వచ్చాక 180 రోజుల టైముంది. ఒక పేజీ చాలు: ఏ తేదీన ఏ సేవ, ఇది మహిళల ప్రివెంటివ్ సేవల్లో ఉంది కాబట్టి కాస్ట్ షేరింగ్ వేయకూడదు, నెట్‌వర్క్‌లో ఎవరూ దొరకలేదనడానికి నా ఫోన్ల జాబితా ఇదిగో. కన్సల్టెంట్ రాసిన నోట్, కాల్ రిఫరెన్స్ నంబర్లు జత చేయండి.

ఇక్కడ ఒక చిట్కా. పెద్ద కంపెనీల్లో ఎక్కువ ప్లాన్లు సెల్ఫ్ ఫండెడ్, అంటే డబ్బు కంపెనీదే, కార్డు మీద పేరున్న ఇన్సూరెన్స్ వాళ్లు గుమాస్తా పని చేస్తారు. అలాంటప్పుడు హెచ్ఆర్ బెనిఫిట్స్ వాళ్లకి ఈమెయిల్ పెడితే పని త్వరగా అవుతుంది. ఇంటి విషయాలు హెచ్ఆర్‌కి ఎందుకని మా ఆయన నసిగాడు, పెట్టిన నాలుగో రోజుకి జవాబొచ్చింది. అప్పటికీ కాకపోతే కంపెనీ ప్లాన్లకి లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగుల బెనిఫిట్స్ చూసే ఈబీఎస్‌ఏ ఉంది, నంబరు 1-866-444-3272. సొంతంగా కొన్న ప్లాన్‌కి మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్.

అర్జెంటని చేతి డబ్బు కట్టేశా. తిరిగొస్తుందా?

ప్రయత్నించొచ్చు. కన్సల్టెంట్‌ని సూపర్‌బిల్ అడగండి: కోడ్లు, ఆవిడ ఎన్‌పీఐ నంబరు (వైద్య సేవలిచ్చే వాళ్ల గుర్తింపు నంబరు), కట్టిన మొత్తం అందులో ఉండాలి. దాన్ని ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారంతో పంపండి. పూర్తిగా రాకపోయినా ఎఫ్‌ఎస్ఏ, హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతాలు) డబ్బు వాడుకోవచ్చు, పంపులు, పాలిచ్చే సామాను వైద్య ఖర్చు కిందికే వస్తాయని పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2011లో చెప్పింది.

## ఉద్యోగంలో చేరాక, ఆ తర్వాత

ఆఫీసులో పంప్ చేసుకోవడానికి ఎక్కడికెళ్లాలి? బాత్రూమ్‌లోనా?

అక్కర్లేదు. 2022 డిసెంబరులో వచ్చిన పంప్ యాక్ట్ ప్రకారం, బిడ్డ పుట్టిన ఏడాది దాకా అవసరమైనప్పుడల్లా విరామం, బాత్రూమ్ కాని, ఎవరూ చూడని, తోసుకుని రాని చోటు ఇవ్వాలి. 50 మంది లోపు ఉద్యోగులున్న చోట్ల, మరీ భారమని నిరూపిస్తే మినహాయింపు ఉంది. కన్సల్టింగ్‌లో క్లయింట్ ఆఫీసుకి వెళ్లే వాళ్లు మొదటి రోజుకి ముందే మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టేయండి.

మా ఆయనకి లేఆఫ్ అయింది, ఇన్సూరెన్స్ నెలాఖరు దాకే. పాప మూడు నెలలది.

టెన్షన్ ఎలాగూ తప్పదు కానీ దారి ఉంది. కోబ్రా, అంటే పాత కంపెనీ ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించే వీలు, ఎంచుకోవడానికి 60 రోజులు టైమిస్తారు, ఎంచుకుంటే కవరేజీ ఆగిన రోజు నుంచే లెక్క. ప్రీమియం మొత్తం మనమే కట్టాలి, అది మండుతుంది. ఇన్సూరెన్స్ పోవడంతో మార్కెట్‌ప్లేస్ ప్లాన్ తీసుకునే వీలూ వస్తుంది, దానికీ 60 రోజులే. నెలాఖరులోపు కన్సల్టెంట్ విజిట్, పంప్ విడిభాగాలు తెప్పించేసుకోండి.

పంప్ లాగడం తగ్గింది. కొత్తది కొనాలా?

ముందు వాల్వులు మార్చి చూడండి, బాతుముక్కులా ఉండే ఆ తెల్ల రబ్బరు ముక్కలు సాగిపోతే లాగదు. వాల్వులు, ట్యూబులు, ఫ్లాంజులు, పాలు దాచే సంచులు కూడా ఇన్సూరెన్స్ మీద వస్తాయి, పంప్ పంపిన సప్లయర్నే అడగండి.

బాబుకి పద్నాలుగు నెలలు, ఇంకా పాలిస్తున్నా. ఇప్పుడు కూడా ఇస్తారా?

ఇవ్వాలి. పాలిచ్చినన్నాళ్లూ అని నిబంధనలో ఉంది, ఇన్ని నెలలే అని గీత లేదు. రెండేళ్లు, ఆ పైన ఇచ్చినా మద్దతిస్తామని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో చెప్పింది. మాన్పించడానికి సలహా కావాలన్నా కన్సల్టెంట్‌ని అడగొచ్చు.

పాలు పెరగడానికి ఇండియా నుంచి డాంపెరిడోన్ తెప్పించుకోనా? ఇక్కడ ఇన్సూరెన్స్ ఇవ్వదట.

ఇవ్వదు, ఎందుకంటే ఆ మందుకి అమెరికాలో అనుమతే లేదు. గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉందని, పాల కోసం వాడొద్దని ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. అమ్మ సూట్‌కేసులో వచ్చింది కదా అని డాక్టరుకి చెప్పకుండా మింగకండి.

మాకు ఇన్సూరెన్సే సరిగా లేదు. ఏమైనా దారి ఉందా?

తల్లులకు, చిన్నపిల్లలకు పోషకాహార సాయం చేసే విక్ (WIC) అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఆదాయ పరిమితి ఉంటుంది, గ్రీన్‌కార్డు ఉండాలన్న షరతు లేదు. పాలిచ్చే తల్లులకు సలహాదారులు, ఆహారం, చాలాచోట్ల పంప్ కూడా ఇస్తారు. గ్రీన్‌కార్డు ఫైల్ చేస్తున్నాం కదా అని భయముంటే లాయర్ని ఒక మాట అడిగి వెళ్లండి. తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికెయిడ్ నిబంధనలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి, మీ కౌంటీ ఆఫీసులో కనుక్కోవాలి.

ఆరో నెలలో అన్నప్రాశనకి ఇండియా వెళ్తున్నాం. పంప్ అక్కడ పనిచేస్తుందా?

అడాప్టర్ వెనక సన్న అక్షరాల్లో 100-240 వోల్టులు అని ఉంటే పనిచేస్తుంది, ప్లగ్ మార్చుకునే పిన్ చాలు. 120 మాత్రమే అని ఉంటే గుచ్చకండి, కాలిపోతుంది. వాల్వులు ఒక జత ఎక్కువ పెట్టుకోండి, ఊళ్లో ఆ సైజు దొరకడం కష్టం. పంప్‌ని చెకిన్ సూట్‌కేసులో వేయకుండా చేతి బ్యాగులోనే తీసుకెళ్లండి. మాది ఒకసారి సూట్‌కేసుతో సహా మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది, ఆ మూడు రోజులూ చేత్తో పిండడం మా అమ్మమ్మ నేర్పింది.